నీళ్లు అక్కర్లేని బోరు: ఓ జెడ్పీ హైస్కూలు కేసు

నేను ఏసీలు, వెంటిలేషన్ డిజైన్ చేసే మెకానికల్ ఇంజనీరుని. నాకు పని ఇచ్చేవి ఆస్పత్రులు, కల్యాణ మండపాలు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు. సర్కారు బడి నుంచి ఫోన్ రావడం నాకు అదే మొదటిసారి. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను. ఈ కేసు రాయడానికి కారణం, ఇందులో ఏడెనిమిది నెలల పాటు నేను తప్పు దారిలో నడిచాను. ఆ తప్పుకు సగం కారణం టెక్నాలజీ, సగం కారణం డబ్బు ఏ దారిన వస్తుందో ముందుగా చూసుకోకపోవడం.

నేపథ్యం

బడి ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతంలో ఉంది. ఒంగోలు నుంచి పడమరగా గంటన్నర ప్రయాణం. చుట్టూ కంది, పొగాకు, అక్కడక్కడా సుబాబుల్ తోటలు. 6 నుంచి 10 వరకు తరగతులు, 230 మంది పిల్లలు. రెండంతస్తుల భవనం. వరండా తూర్పుకు, వీపు పడమరకు. కింద ఆఫీసు, స్టాఫ్ రూము, ల్యాబు, ఆరో తరగతి. పైన 7, 8, 9, 10. అంటే నాలుగు తరగతుల పిల్లలకు నెత్తిన ఐదంగుళాల శ్లాబు తప్ప ఇంకేమీ లేదు.

సర్కారు బడులకు వసతులు కల్పించే నాడు-నేడు పనుల్లో బడి బాగుపడింది. మరుగుదొడ్లు, తాగునీరు, బెంచీలు, ఆకుపచ్చ బోర్డులు, రంగులు, ఫ్యాన్లు, లైట్లు వచ్చాయి. తల్లిదండ్రుల కమిటీ దగ్గరుండి చేయించుకుంది కాబట్టి పని కూడా శుభ్రంగానే జరిగింది. కాకపోతే ఆ జాబితాలో ఫ్యాను ఉంది కానీ, వేడి అనే అంశం లేదు.

2023 జూన్‌లో బడులు తెరిచాక కూడా ఎండల వల్ల మొదట ఒంటిపూటే నడిచాయి. ఇక్కడ స్థానిక విషయం ఒకటి చెప్పాలి. మృగశిర కార్తె వస్తే చల్లబడుతుందని పంచాంగం చెప్తుంది. గోదావరి, ఉత్తరాంధ్ర జిల్లాల్లో అది చాలావరకు నిజమే. ప్రకాశం, నెల్లూరు జిల్లాలకు జూన్, జూలై నెలల్లో నైరుతి రుతుపవనాలు ఇచ్చేది తక్కువ. అసలు వాన అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్యం నుంచి రావాలి. అందుకే రాష్ట్రమంతా గొడుగులు వెతుక్కునే జూలైలో మా వైపు పిల్లలు అట్టముక్కలతో విసురుకుంటుంటారు. మేలో బడికి ఎలాగూ సెలవులే. బడిని బాధపెట్టే ఎండ మార్చి, ఏప్రిల్ నెలలది, ఆ తర్వాత జూన్ రెండో వారం నుంచి సెప్టెంబరు దాకా ఉండేది. ఈ లెక్క కేసులో మళ్లీ పనికొస్తుంది.

సమస్య ఎలా వచ్చింది

హెడ్మాస్టరు గారు ఫోన్లో చెప్పిన మాట ఇది: "సర్, మా పాత విద్యార్థి ఒకాయన అమెరికాలో ఉన్నారు. వాళ్ల పిల్లల బడిలో భూమిలోంచి చల్లదనం తీస్తారంట. ఇక్కడా పెట్టిద్దాం, తన వంతు తాను ఇస్తాను, మిగతాది గవర్నమెంటు నుంచి తెద్దాం అంటున్నారు. అది అయ్యే పనేనా?"

ఆ పాత విద్యార్థి చెప్పింది ఉత్త మాట కాదు. అక్కడ చాలా బడుల్లో గ్రౌండ్ సోర్స్ హీట్ పంపులు నడుస్తున్నాయి. భూమిలోకి నిలువుగా బోర్లు దించి, వాటిలో ప్లాస్టిక్ పైపులు యూ ఆకారంలో వేసి, నీళ్లు తిప్పుతారు. హీట్ పంపు అంటే ఏసీ లాంటి కంప్రెసర్ యంత్రమే. దానితో ఎండాకాలం భవనంలోని వేడిని భూమిలోకి వదులుతారు, చలికాలం అదే వేడిని పైకి లాక్కుంటారు. 2022లో అక్కడ వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ అనే చట్టం తర్వాత, పన్ను కట్టని ప్రభుత్వ బడులు కూడా ఈ ఖర్చులో కొంత శాతాన్ని నగదుగా తిరిగి తీసుకునే వీలు కలిగింది. షరతులు సరిపోతే 30 శాతం, ఆపైన కూడా. అంతకు ముందే 2021 మౌలిక వసతుల చట్టం కింద బడుల ఇంధన పనులకు 50 కోట్ల డాలర్లు విడిగా పెట్టారు.

ఒంటిపూట బడులు ముగిశాక, జూన్ చివరి వారంలో వెళ్లాను. మధ్యాహ్నం రెండున్నరకు పదో తరగతి గదిలో అడుగుపెట్టాను. నాలుగు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి. గాలి ఉంది, చల్లదనం లేదు. ముఖం మీద ఎవరో వేడి పెనం మీది గాలిని విసురుతున్నట్టుంది. మూడో బెంచీలో ఒక పాప తన వాటర్ బాటిల్లోని నీళ్లు చున్నీ కొసకు ఒంపుకుని మెడ వెనక పెట్టుకుంది. మాస్టారు చూసీ చూడనట్టు పాఠం చెప్తున్నారు. గది ఉష్ణోగ్రత 38. ఒంటి చర్మం కన్నా గాలే వేడిగా ఉంటే, చెమట ఆరేంతవరకే ఫ్యాను సాయం చేస్తుంది, ఆ తర్వాత అది కూడా వేడినే మోసుకొస్తుంది.

అసలు అక్కడే నేను తల పైకెత్తి శ్లాబు చూడాల్సింది. చూడలేదు. బుర్రలో అప్పటికే బోర్లు తిరుగుతున్నాయి. కొత్త టెక్నాలజీ చేతికొస్తే ఇంజనీరుకు వచ్చే జబ్బే ఇది.

మొదటి లెక్క

క్లాసులో 45 మంది పిల్లలుంటే, మనిషికి వంద వాట్లు చొప్పున నాలుగున్నర కిలోవాట్ల వేడి వాళ్ల ఒంట్లోంచే వస్తుంది. దానికి పైకప్పు, పడమటి గోడ, కిటికీలు, బయటి నుంచి తెచ్చే తాజా గాలి కలిపితే గదికి నాలుగు టన్నుల ఏసీ అవసరమని తేలింది (ఒక టన్ను అంటే మూడున్నర కిలోవాట్ల వేడిని బయటకు తీయడం). నాలుగు గదులకు 16 టన్నులు. కంప్రెసర్ వేడి కూడా కలుపుకుంటే భూమిలోకి వదలాల్సింది దాదాపు 70 కిలోవాట్లు. బోరు మీటరుకు 40 వాట్ల చొప్పున వేడి తీసుకుంటుందనుకుంటే 1,750 మీటర్ల బోరు కావాలి. అంటే వంద మీటర్ల బోర్లు 18. ఒకదానికొకటి ఆరు మీటర్ల దూరం ఉండాలి కాబట్టి ఆటస్థలంలో సగం వాటికే పోతుంది. పైన మట్టి కప్పేస్తే పిల్లలు మళ్లీ ఆడుకోవచ్చు, అది ఇబ్బంది కాదు. బోర్లు, పైపులు, హీట్ పంపులు, డక్టులు అన్నీ కలిపి 50 లక్షలకు అటూ ఇటూ వచ్చింది.

అంచనా కాగితాలు పట్టుకుని తల్లిదండ్రుల కమిటీ మీటింగుకు వెళ్లాను. మెట్ట ప్రాంతంలో బోరు అనే మాటకు ఎంత బరువుందో నాకు అక్కడే తెలిసింది. ఆ ఊళ్లో బోరు వేసి అప్పుల పాలు కాని ఇల్లు తక్కువ. ఆరేడు వందల అడుగులు దిగినా దుమ్మే వచ్చిన బోర్లున్నాయి. నీళ్లు పడినా వాటిలో ఫ్లోరైడ్. పళ్ల మీద గోధుమ చారలున్న పెద్దవాళ్లు నా ఎదురుగానే కూర్చున్నారు. అలాంటి చోట నిలబడి నేను "18 బోర్లు వేస్తాం, వీటికి నీళ్లు పడక్కర్లేదు" అన్నాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బడి వాచ్‌మన్ గోడకు ఆనుకుని నిలబడి అన్నాడు: "నీళ్లు పడకపోయినా పర్లేదనే బోరు నా జన్మలో ఇదే ఇనటం సారూ. ఆ డబ్బులకు మా బజారుకు ఒక్క నీళ్ల బోరు ఎయ్యగూడదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లది అమాయకత్వం అనుకుని, మూసి ఉంచిన పైపుల్లో నీళ్లు ఎలా తిరుగుతాయో, భూగర్భ జలాన్ని అవి ఎందుకు తాకవో, బోరు చుట్టూ బెంటొనైట్ మట్టితో ఎలా బిగిస్తారో పావుగంట చెప్పాను. కానీ వాళ్లు అడిగింది పైపుల గురించి కాదు. ప్రజల డబ్బు ఆ ఊళ్లో ముందుగా దేనికి వెళ్లాలో అడిగారు. అది నా ఎక్సెల్ షీటులో లేని గడి.

ఫైలు ఎక్కడ ఆగింది

అంచనా పైకి పంపితే మూడు చోట్ల ముళ్లు పడ్డాయి.

మొదటిది పేరు. కాగితం మీద "భూతాప (జియోథర్మల్) వ్యవస్థ" అని రాశాను. ఆ మాట వినగానే ఒక కార్యాలయంలో, "మన జిల్లాలో వేడినీటి బుగ్గలు లేవు కదండీ" అన్నారు. ఆయన తప్పు లేదు. మనకు భూతాపం అంటే హిమాచల్‌లో మణికరణ్ బుగ్గలు, లద్దాఖ్‌లో పూగా లోయ, మరీ దగ్గరగా అంటే మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి పెట్టిన 20 కిలోవాట్ల ప్రయోగ ప్లాంటు గుర్తొస్తాయి. అదంతా భూమి లోపలి నుంచి వచ్చే వేడి. మేం అడిగింది భూమిని వేడి పారబోసే గుంటలా వాడుకోవడం. రెండూ ఒకే పేరు కింద ఉండటంతో ఫైలు విద్యుత్ ఉత్పత్తి ప్రతిపాదన అనుకుని ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరిగింది.

రెండోది రేటు. ప్రభుత్వ ఇంజనీరు అంచనా వేయాలంటే ప్రతి ఐటమ్‌కూ ఎస్‌ఎస్‌ఆర్‌లో, అంటే ప్రభుత్వ పనుల రేట్ల పుస్తకంలో, రేటు ఉండాలి. భూమిలో వేసే లూపుకు, హీట్ పంపుకు ఆ పుస్తకంలో రేటు లేదు. రేటు లేకపోతే కొటేషన్లు తెప్పించాలి, పై స్థాయి అనుమతి కావాలి, రేపు ఆడిట్ అడిగితే సంతకం పెట్టినవాడే జవాబు చెప్పాలి. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కుర్రాడు మంచివాడు. "సర్, నాకు ఇంకా ముప్ఫై ఏళ్ల సర్వీసుంది" అన్నాడు. ఆ ఒక్క మాటలో అన్నీ ఉన్నాయి.

మూడోది అన్నిటికన్నా పెద్దది, కరెంటు. 16 టన్నుల హీట్ పంపులు, నీటి పంపులు, గాలి ఫ్యాన్లు కలిసి 18 కిలోవాట్లు. బడి సాంక్షన్ లోడ్, అంటే కరెంటు శాఖ మంజూరు చేసిన పరిమితి, 5 కిలోవాట్లు. అంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నుంచి మార్చాలి. పోనీ మార్చాం అనుకుందాం. రోజుకు ఆరు గంటలు, ఏడాదికి 130 రోజులు నడిపితే 14 వేల యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా బిల్లు 98 వేలు. బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకం కింద 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు 50 వేలు. అందులోనే సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్నాచితకా రిపేర్లు అన్నీ. పది శాతం పరిశుభ్రతకు తప్పనిసరి.

అమెరికా బడికీ మన బడికీ తేడా ఏమిటో ఈ లెక్క వేసిన రాత్రే నాకు అర్థమైంది. అక్కడ ప్రతి చలికాలం బాయిలర్‌కు గ్యాసో ఆయిలో కొంటారు. హీట్ పంపు పెడితే ఆ బిల్లు తగ్గుతుంది. తగ్గిన బిల్లే పెట్టుబడిని మెల్లగా తీరుస్తుంది, ప్రభుత్వ డబ్బు ఆ తీర్చే కాలాన్ని పొట్టి చేస్తుంది. మన బడికి తగ్గించుకోవడానికి బిల్లే లేదు. ఫ్యాన్ల కరెంటు తప్ప చల్లదనానికి పైసా ఖర్చు లేని చోట మనం కొత్త బిల్లును తీసుకొచ్చి పెడుతున్నాం. ఒకచోట గ్రాంటు అప్పు తీరుస్తుంటే, ఇంకోచోట అదే గ్రాంటు అప్పు మొదలుపెడుతుంది.

ఎండిన బోరు చెప్పింది

బడి ఆవరణలో ఎప్పుడో వేసి వదిలేసిన పాత బోరు ఒకటి ఉంది. పిల్లలు రాళ్లు వేయకుండా కేసింగ్ మీద ఒక గ్రానైట్ ముక్క పెట్టారు. ఈ పని జూన్‌లోనే చేయాల్సింది, ఆగస్టు చివర్లో చేశాను. చేపల గాలం దారానికి థర్మామీటరు సెన్సార్ కట్టి, దారం మీద ప్రతి ఐదు మీటర్లకు ఎర్ర టేపు చుట్టి లోపలికి దించాను. వాచ్‌మన్ పక్కన కూర్చుని టేపులు లెక్కపెట్టాడు. పది మీటర్ల దగ్గర 29.5. ఇరవై దగ్గర 29.8. ముప్ఫై దగ్గర 30. ఆ కింద దారం దేనికో తట్టుకుంది.

30 డిగ్రీలు. నేల లోతుల్లో ఉష్ణోగ్రత ఆ ఊరి ఏడాది సగటు గాలి ఉష్ణోగ్రతకు కాస్త అటూ ఇటూ ఉంటుందని కాలేజీలోనే చదివాను. మన దగ్గర ఆ సగటే 29 ప్రాంతం. గుర్‌గావ్ దగ్గర గ్వాల్ పహాడీలో ఇంధన పరిశోధన చేసే టెరి సంస్థ రిట్రీట్ అనే భవనానికి భూమి కింద గాలి సొరంగాలు వేశారు, అక్కడ నాలుగు మీటర్ల లోతున 26 ఉంటుంది. పైగా వాళ్లకు గట్టి చలికాలం ఉంది. ఎండాకాలం నేలలోకి పోసిన వేడిని చలికాలం తిరిగి తోడుకోవచ్చు. మా మెట్టలో జనవరి పగలు కూడా బడికి వెచ్చదనం అక్కర్లేదు. 18 బోర్ల మధ్య ఉన్న రాయిలోకి ఏటా వేడి పోస్తూనే ఉంటాం, ఎవరూ తోడరు. నాలుగైదేళ్లకు రాయి వేడెక్కుతుంది, హీట్ పంపు ఎక్కువ కరెంటు తాగుతుంది. అప్పటికి శిలాఫలకం మాత్రం కొత్తగానే ఉంటుంది.

హీట్ పంపు ఆలోచన అక్కడితో ఆపేశాను. ఇదే ఒక హాస్టలుతో ఉన్న ఆస్పత్రి అయ్యుండి, ఏడాది పొడుగునా వేడినీళ్ల అవసరం ఉండుంటే వేరే మాట చెప్పేవాణ్ణి.

గాలి పైపు ప్రయోగం

అయినా భూమిని పూర్తిగా వదలబుద్ధి కాలేదు. 30 డిగ్రీల నేల కంప్రెసర్‌కు పెద్ద గొప్ప కాదు గానీ, బయట 40 ఉన్నప్పుడు ఉత్త గాలికి అది చల్లనిదే కదా. కంప్రెసర్ లేకుండా గాలిని నేల కింద పైపులోంచి తెచ్చి గదిలోకి వదిలితే కరెంటు ఒక చిన్న బ్లోయర్‌దే. ఈసారి తెలివి తెచ్చుకుని ఒక్క గదికే, పాత విద్యార్థుల చందాతో చేద్దామన్నాను. కందకం తవ్వడం ఉపాధి హామీలో పెడదామని అడిగితే, చేయదగ్గ పనుల జాబితాలో అది లేదని వెనక్కి వచ్చింది. జేసీబీ పెట్టుకున్నాం.

మూడు మీటర్లు తవ్వాలనుకుంటే రెండున్నర దగ్గర రాయి తగిలింది. పది అంగుళాల పీవీసీ పైపు, 40 మీటర్లు. కింద ఉన్న ఆరో తరగతి గదికి కనెక్షన్. సెప్టెంబరు మూడో వారంలో బ్లోయర్ ఆన్ చేశాం. బయట 36, పైపు మూతి దగ్గర 32. పిల్లలు మూతి ముందు చేరి జుట్టు ఎగరేసుకున్నారు. హెడ్మాస్టరు గారు ఫోటోలు తీసి అమెరికాకు పంపారు. నాకూ ఆ రోజు కడుపు నిండింది.

రాత్రి ఇంటికొచ్చి లెక్క వేస్తే ఆ సంతోషం కరిగిపోయింది. పైపులోంచి వచ్చే గాలి సెకనుకు పావు ఘనపు మీటరు. నాలుగు డిగ్రీలు తగ్గిందంటే అది ఇచ్చే చల్లదనం కిలోవాటుకు కాస్త పైన. గదిలో పిల్లలే నాలుగున్నర కిలోవాట్లు. మూతి ముందు నిలబడ్డ పది మందికి పండగ, వెనక బెంచీకి కబురు కూడా అందదు. గదికి సరిపోవాలంటే అలాంటి పైపులు నాలుగైదు కావాలి.

మిగతా పని వాన పూర్తి చేసింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. పైపును నేను సమతలంగా వేయించాను. నీళ్లు ఒక చివరికి జారిపోయేలా వాలు ఇచ్చి, అక్కడ గుంట కట్టి, తోడే ఏర్పాటు చేయాలి. ఎండాకాలం గురించే ఆలోచించినవాడికి నవంబరు గుర్తు రాలేదు. ఒక అతుకులోంచి నీళ్లు దిగాయి. జనవరిలో చాంబర్ మూత తీస్తే లోపల జానెడు నీళ్లు, పాచి, నాలుగు కప్పలు. బ్లోయర్ ఆన్ చేసిన రోజు ఆరో తరగతి పిల్లలు ముక్కులు మూసుకుని బయటకు వచ్చారు. నీళ్లు తోడి, బ్లీచింగ్ పోసి, ఎండబెట్టినా ఆ వాసన పూర్తిగా పోలేదు. పిల్లలు పీల్చే గాలి అది. ఏ ఊపిరితిత్తుల్లో ఏం చేరుతుందో అని నేనే పైపుకు మూత వేయించాను. ఆ రోజు హెడ్మాస్టరు గారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, టీ తెప్పించారు. అదే ఎక్కువ బాధనిపించింది.

తల పైకెత్తి చూస్తే

2024 ఫిబ్రవరిలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పట్టుకుని మళ్లీ వెళ్లాను. కోవిడ్ రోజుల్లో నుదుటికి గురిపెట్టిన తుపాకీ లాంటిదే, కాకపోతే ఎక్కువ వేడి కొలుస్తుంది. ఫిబ్రవరి ఎండకే మేడ మీద శ్లాబు మధ్యాహ్నం 52 చూపించింది. కింద తొమ్మిదో తరగతి సీలింగు నాలుగింటికి 39. రోహిణిలో ఇది ఎక్కడికి పోతుందో ఊహించుకోవచ్చు. శ్లాబు మందం వల్ల మధ్యాహ్నం పైన పడ్డ వేడి మూడు నాలుగు గంటల తర్వాత కిందికి దిగుతుంది. సరిగ్గా చివరి రెండు పీరియడ్ల వేళకు.

జూన్ ఎండ వేసుకుని లెక్క కడితే ఒక్కో గదికి పైకప్పులోంచి దిగే వేడి మూడున్నర, నాలుగు కిలోవాట్లు. అంటే 45 మంది పిల్లల నెత్తిన ఇంకో 40 మందిని కూర్చోబెట్టినట్టే. ఆ 40 మందిని దింపేయడానికి బోరు అక్కర్లేదు. కంప్రెసర్ కూడా అక్కర్లేదు.

కానీ ఈసారి నన్ను నేను నమ్మదలచుకోలేదు. పక్కపక్కనే ఉన్న ఎనిమిది, తొమ్మిది తరగతుల గదులు కొలతల్లో ఒకటే, పిల్లల సంఖ్యా దాదాపు ఒకటే. తొమ్మిదో తరగతి మీద శ్లాబు కడిగించి, సున్నంలో ఫెవికాల్ కలిపి మూడు పూతలు వేయించాం. ఎనిమిదిని అలాగే వదిలేశాం. ఖర్చు కూలీతో కలిపి రెండు వేల లోపే. మార్చి చివరి వారం, ఏప్రిల్ మొదటి వారం పన్నెండు రోజులు రోజుకు మూడుసార్లు కొలిచాం. ఒంటిపూట బడులు కాబట్టి మధ్యాహ్నం గదులు ఖాళీ. సైన్సు టీచరమ్మ ఆ పని తొమ్మిదో తరగతి పిల్లలకే అప్పజెప్పారు, గది తలుపు మీద చార్టు కట్టారు. నాలుగింటి కొలతల్లో సున్నం లేని గది సీలింగు 43, 44 దగ్గర తిరిగితే సున్నం వేసిన గది 37 దాటలేదు. గాలి ఉష్ణోగ్రతలో తేడా రెండు నుంచి మూడు డిగ్రీలు.

మూడు డిగ్రీలంటే ఏసీకి అలవాటు పడ్డవాళ్లకు చిన్న సంగతి. కానీ 38లో ఫ్యాను కిందా 35లో ఫ్యాను కిందా కూర్చోవడం ఒకటి కాదు. ఎనిమిదో తరగతి పిల్లలు "మాకెందుకు ఎయ్యలా?" అని హెడ్మాస్టరు గారితో గొడవ పెట్టుకున్నారు. నా కెరీర్‌లో ఇంతకన్నా మంచి టెస్ట్ రిపోర్టు రాలేదు.

దాంతోపాటు కిటికీలు చూశాం. నాడు-నేడులో రంగులు వేసినప్పుడు పడమటి వైపు పై వెంటిలేటర్లు రంగుతో అతుక్కుపోయాయి, ఏ ఒక్కటీ తెరుచుకోదు. ఒక సాయంత్రం కార్పెంటరు ఉలితో అంచులు గీకి పదహారూ తెరిచాడు. సీలింగు కింద పేరుకునే వేడి గాలికి దారి దొరికింది.

డబ్బు దారి

సున్నంతో మొత్తం నాలుగు గదులు, వరండా పైకప్పు చేయాలంటే ఏటా పది, పన్నెండు వేలు. అది కాంపోజిట్ గ్రాంటులో పట్టే ఖర్చు. కానీ మా వైపు నవంబరు వానకు సున్నం సగం కొట్టుకుపోతుంది. తెల్ల కూల్ రూఫ్ పెయింటు నాలుగైదేళ్లు ఉంటుంది గానీ ఒకేసారి పెట్టాల్సింది ఎక్కువ. పైగా రోడ్డు మీద గ్రానైట్ లారీల దుమ్ము పడి ఏడాదికే మాసిపోతుంది. తెల్లగా లేని పెయింటు ఉత్త పెయింటే. తెల్ల గ్లేజ్డ్ టైల్స్ వేస్తే దుమ్ము నీళ్లతో కడిగితే పోతుంది, కానీ అది లక్షల పని.

ఆ లక్షలకు దారి ఏఈ కుర్రాడే చూపించాడు. చీమకుర్తి గ్రానైట్ ఉన్న జిల్లా కాబట్టి గనుల నుంచి వసూలు చేసి గనుల ప్రాంతాలకు ఖర్చు పెట్టే జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి ఉంది. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చిన ఏర్పాటు ఇది. దాని ప్రాధాన్య జాబితాలో తాగునీరు, వైద్యంతోపాటు విద్య కూడా ఉంటుంది. "సర్, చల్లదనం అని రాయకండి. శ్లాబు ఎలాగూ రెండు చోట్ల కారుతోంది. లీకేజీకి వెదరింగ్ కోర్స్ (శ్లాబు మీద నీరు దిగకుండా వేసే పొర), పైన టైల్స్ అని రాద్దాం. ఎస్‌ఎస్‌ఆర్‌లో రేటుంది. టైలు ఎర్రది బదులు తెల్లది అడుగుదాం" అన్నాడు.

అబద్ధం రాయమంటున్నాడేమో అని నాకు మొదట గుచ్చుకుంది. మేడెక్కి చూశాను. పదో తరగతి మూలలో శ్లాబు నిజంగానే కారుతోంది, లోపల కమ్మీ తుప్పు మరకలు కనిపిస్తున్నాయి. అది అవసరమైన మరమ్మతే. అదే పని, అదే సిమెంటు, రంగు ఒక్కటే తేడా. నా ఫైలు బల్లల చుట్టూ తిరిగింది, అతని ఫైలుకు ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆలస్యం మాత్రం జరిగింది. 2024 మార్చి మధ్యలో ఎన్నికల కోడ్ వచ్చి జూన్ దాకా కదల్లేదు, తర్వాత వానలు. పని 2025 జనవరి, ఫిబ్రవరి నెలల్లో అయింది. ఆ మధ్య ఏడాది మొత్తం సున్నమే కాపాడింది.

పడమటి గోడ వెంట చెట్లు ఉపాధి హామీలో వచ్చాయి. కందకానికి కుదరనిది మొక్కలకు కుదిరింది. వేప, కానుగ కలిపి పధ్నాలుగు గుంతలు. చేతులు కడిగే కుళాయిల నీళ్లు వాటికి వెళ్లేలా చిన్న కాలువ తీశాం, లేకపోతే మెట్టలో మొదటి వేసవికే ఎండిపోతాయి. మూడు ఎండిపోయాయి కూడా.

అమెరికాలో ఉన్న పాత విద్యార్థికి విషయం చెప్పడం కష్టమైంది. "అంటే మన ఊరికి టెక్నాలజీ పనికిరాదంటారా?" అని అడిగారు. "మీ బడి నేల 30 డిగ్రీలండీ, మీ పిల్లల బడి నేల ఎంతో కనుక్కోండి" అన్నాను. రెండు రోజులకు మెసేజ్ పెట్టారు: 12. ఆ తర్వాత వాదన లేదు. ఆయన డబ్బుతో ఐదు తరగతి గదుల్లో పాత ఫ్యాన్లు తీసేసి తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు, గదికి రెండు అదనంగా పెట్టాం. పాత ఫ్యాను ఒక్కోటి 75 వాట్లు తాగేది. ఫ్యాన్లు పెరిగాయి, బిల్లు తగ్గింది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి

ఈ కేసు తర్వాత నెల్లూరు జిల్లా నుంచి రెండు బడులు ఇదే అడిగాయి. మొదటి రోజే నేల లోతు ఉష్ణోగ్రత, సీలింగు ఉష్ణోగ్రత రెండూ కొలుస్తున్నాను. రెండో ప్రశ్నగా హెడ్మాస్టరును కరెంటు బిల్లు, గ్రాంటు పుస్తకం అడుగుతున్నాను. యంత్రం గురించి మాట్లాడేది ఆ తర్వాతే. ఒక్కసారి వచ్చే పెద్ద డబ్బును ఆ తర్వాత ఖర్చు అడగని పనికి పెట్టాలి, ఏటా వచ్చే చిన్న డబ్బును ఏటా చేయాల్సిన చిన్న పనికి పెట్టాలి. టైలు మొదటి రకం, సున్నం రెండో రకం. హీట్ పంపు ఒక్కసారి వచ్చిన పెద్ద డబ్బుతో మొదలై, ఏటా రాని పెద్ద డబ్బు అడుగుతుంది. 2025 సెప్టెంబరులో కేంద్రం జాతీయ భూతాప విధానం ప్రకటించింది, అందులో గ్రౌండ్ సోర్స్ హీట్ పంపుల ప్రస్తావన ఉంది. రేపు దానికి నిధులొస్తే మా వైపు బడులకు కూడా ప్రతిపాదనలు రాసేవాళ్లు ఉంటారు. అప్పుడు ఎవరైనా ఒక ఎండిన బోరులో దారం దించి చూస్తే బాగుంటుంది.

2025 జూన్ చివర్లో వెళ్లాను. బయట 39. తొమ్మిదో తరగతి గది మూడింటికి 35. పదో తరగతి మాత్రం 36.5. దానికి దక్షిణం గోడ కూడా బయటకే ఉంది, దాని గురించి ఇంకా ఏమీ చేయలేదు. చెట్లు నడుము దాకా వచ్చాయి, నీడకు ఇంకా మూడు నాలుగేళ్లు పడుతుంది. హెడ్మాస్టరు గారు బదిలీ మీద వెళ్లిపోయారు. కొత్తగా వచ్చిన మేడమ్ నన్ను ఆవరణలోకి తీసుకెళ్లి మూత వేసిన పీవీసీ పైపును చూపించి, "ఇది దేనికండీ?" అని అడిగారు. నేను చెప్పేలోపే వాచ్‌మన్ అందుకున్నాడు: "అది సారు ఏసిన బోరు మేడమ్. దాంట్లో మాత్రం నీళ్లు పడ్డాయి."